తమ్ముడి పాలు, సబ్బునీళ్లు

మేం చిన్నగా ఉన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉండేవాళ్లం... అబిడ్స్‌లోని బడికి నడిచే వెళ్లేదాన్ని. అప్పుడు ఆరో తరగతి.

ఓ రోజు సైన్స్ టీచర్ అడిగారు. "రేపు ఎవరన్న ఒక గిలాస పాలు తెస్తరా? ఒక ప్రయోగం చేద్దాం."

ఆ రోజుల్లో ఎవరింట్లోనూ పాలు చాయ్‌కే సరిపోయేవి కావు. నేను మాత్రం చెయ్యెత్తాను.

మా ఇంట్లో పాలు మిగిలిపోతున్నాయి... అంతకు ముందు వారమే మా చిన్న తమ్ముడు జ్వరంతో దవాఖానలో పోయాడు. ఇంకా ఏడాది నిండలేదు. వాడి కోసం పెట్టుకున్న వాడుక పాలు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి. వద్దని చెప్పడానికి నాన్నకూ నోరు రాలేదు. అమ్మ కాచేది, మూత పెట్టేది... అవి అలాగే విరిగిపోయేవి.

మరునాడు పొద్దున అమ్మను అడిగితే, ఎందుకని కూడా అనకుండా చెంబులో పోసి ఇచ్చింది.

టీచర్ ఆ పాలు పళ్లెంలో పోశారు. నీలం సిరా, ఎర్ర సిరా చుక్కలు వేశారు. అగ్గిపుల్లకు సబ్బునీళ్లు అద్ది పాల మధ్యలో తాకించారు. అంతే... రంగులు మెలికలు తిరుగుతూ అంచులకు పరుగెత్తాయి. పిల్లలంతా బెంచీలెక్కి అరిచారు.

నాకేమీ అనిపించలేదు. ఏడుపు కూడా రాలేదు. రంగులు కదులుతున్నాయి, చూస్తున్నాను...

"నీకు కానొస్తుందా?" అన్నారు టీచర్.

"ఔ టీచర్."

సాయంత్రం ఇంటికొస్తే అమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. "పాలేం చేసిన్రే?" అంది. తమ్ముడు పోయాక తనంతట తాను అడిగిన మొదటి మాట అది.

చెప్పాను.

"జర నాకు చూపియ్."

ఇంట్లో సిరా లేదు. పళ్లెంలో పొద్దుటి పాలు పోసి పైన పసుపు చల్లాను. బట్టల సబ్బు తడిపి అమ్మ వేలికి రాసి, పాల మధ్యలో తాకించమన్నాను. పసుపంతా చీలి అంచులకు పోయింది. మధ్యలో తెల్లగా మిగిలింది. ఆ కదలిక ఆగేదాకా అమ్మ చూస్తూ కూర్చుంది.

తర్వాత పళ్లెం కడిగి బోర్లించింది. "రేపు పాలాయనకు వద్దని చెప్పు బిడ్డా," అంది.

పొద్దున చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఈ ప్రయోగాన్ని ఇప్పటి పిల్లలు ఫోన్లలో చూస్తున్నారు. పాలు వద్దనాలన్నా ఆ ఫోన్లోనే ఓసారి నొక్కితే చాలు... గుమ్మంలో నిలబడి ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. పెద్దవాళ్లు అనలేని మాట చిన్నతనంలో మీరెప్పుడైనా చెప్పాల్సి వచ్చిందా? వస్తే రాయండి... చదువుతాను.