ఫాదరుగారి ఉపవాసాలు

గన్నవరం అవతల కాలవ గట్టు చర్చిలో ఫాదర్ బెనీతోగారికి అమలమ్మ ఇరవై రెండేళ్లు వండిపెట్టింది. పందొమ్మిదొందల డెబ్భై నాలుగులో ఆయన పోయారు. స్పెయిన్ నించి చెల్లెలు పిలార్ ఉత్తరం రాసింది: నలభయ్యోనాటి ప్రార్థనకి వస్తున్నాను, అన్నయ్య శవపెట్టె తవ్వించి మా ఊరు తీసుకెళ్లి అమ్మానాన్నల పక్కన పెడతాను.

"బతికుండగా చూడ్డానికి రాలేదుగాని, ఇప్పుడు పార్సిలు కట్టించుకుపోద్దా?" అంది అమలమ్మ. తను ఇన్నేళ్లు అన్నం పెట్టిన మనిషిని అలా పంపడం ఆవిడకి ససేమిరా ఇష్టం లేదు.

ఉపదేశి అబ్రహాముకి ఫాదరుగారి పుణ్యమా అని స్పానిషు వచ్చు. ఆయనొక ఎత్తు వేశాడు. ఇక్కడ జనం ఫాదరుగారిని పునీతుడిగా కొలుస్తున్నారంటే పిలార్ ఆ పెట్టె కదపదు. ఆ మాట వండిపెట్టిన మనిషి నోటే, వాళ్ల భాషలోనే రావాలి.

"మన ‘తినేవారు, పడుకునేవారు’ ఉన్నాయే అమలమ్మా, రోజూ చేసే పని, ఎప్పుడు మొదలెట్టారో ఎప్పుడు మానేశారో చెప్పక్కర్లేనిది. వాళ్లకీ అదుంది. అదొక్కటీ చాలు నీకు."

పోయినవాళ్ల కోసమే పుట్టి ఉంటుంది వ్యాకరణంలో ఈ భూతకాలం. ఏ దేశంలో ఏ సమాధి దగ్గర నిలబడ్డా వినపడేది ఇదే, అందులో సగం కోతలే.

ముందు తేలికవి నేర్పాడు. కొమీయా, తినేవారు. దొర్మీయా, నిద్రపోయేవారు. తర్వాత అసలు సరుకు.

"ఆయునాబా. ఉపవాసం ఉండేవారు."

"ఎవరండీ?"

"ఫాదరుగారే."

"శుక్రవారం మాంసం ముట్టకూడదని కొరమేను పులుసుతో రెండు కంచాలు లాగించేవారు. ఆ ఉపవాసమేనా?"

"నేర్పింది చెప్పు చాలు."

నలభయ్యోనాడు పోయినవాళ్లకి ఇష్టమైనవే వండటం ఆ ఊరి ఆనవాయితీ. ప్రార్థనయ్యాక పిలార్ విస్తరి ముందు నిలబడ్డ అమలమ్మ చేతిలో కొరమేను పులుసు గిన్నె ఉంది. అది పట్టుకుని ఉపవాసం మాటెత్తడానికి నోరు రాలేదు.

"కొమీయా," అంది, పులుసు చూపించి. రెండు వేళ్లెత్తి, రెండు కంచాలంది. అబ్రహాము దగ్గాడు. ఆవిడ ఆగలేదు. జనం చెప్పుకునే పాపాలు ఫాదరుగారు వినే కుర్చీ వైపు చెయ్యి చాపి, "దొర్మీయా," అని గుర్రు పెట్టి మరీ వినిపించింది.

పిలార్ నవ్వింది. నవ్వుతూనే కొంగులేని ఆ మనిషి అరచేత్తో కళ్లు తుడుచుకుని ఏదో చాలాసేపు చెప్పింది.

"ఉత్తరాల్లో అన్నీ ప్రార్థనలూ ఉపవాసాలేనంట," అన్నాడు అబ్రహాము, నమ్మలేనట్టు. "ఆ ఉత్తరాల్లో ఆయనెవరో తనకి తెలీదంట. ఇప్పుడు నువ్వు చెప్పినాయనే వాళ్లన్నయ్యంట. ఇంత తిన్నచోటే ఉండనివ్వండి అంటోంది."

"అయితే ఇంకో ముక్క వెయ్యనా, అడుగు," అంది అమలమ్మ.