అక్క పాటకు అతికించిన గొంతు

మొన్న కొండాపూర్‌లో ఒక కాఫీ హోటల్ మేడ మీద మా మేనకోడలి బ్యాండు పాడుతుంటే వెళ్లాను. డ్రమ్ములకు వేరే మైకులు, పాడేవాళ్లకు వేరే, జనం చప్పట్లకు ఇంకో రెండు. వీడియో ఎవరైనా తీస్తారు మామయ్యా, సౌండు బాగుంటేనే చివరిదాకా చూస్తారు అని ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. బుద్ధిగా తలూపాను. వాళ్లమ్మ గొంతును, అంటే మా అక్క గొంతును, వీడియోకి ఎక్కించడానికి ఈ మామయ్య పడ్డ పాట్లు దానికి తెలియవు.

మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. నాకు అక్కడే కొత్త ఉద్యోగం. అక్క దవాఖానలో నర్సు, ఆదివారం వస్తే మా చర్చి బ్యాండుకు పెద్ద దిక్కు. ఆ ఏడాది ఆమె మెడలో గడ్డ బయటపడింది. ఆపరేషన్ తప్పదని, గొంతు మారిపోయినా మారిపోవచ్చని డాక్టరు చెప్పాడు. అక్క పైకి ధైర్యంగానే ఉంది గానీ, గిన్నెలు తోముతూ కూడా పాడే మనిషి ఆ వారమంతా పాట ఎత్తలేదు. ఆపరేషన్‌కు ముందే చర్చి వార్షికోత్సవం ఉంది కాబట్టి, అక్క పాటలు వీడియో తీసి దాచుకుందామన్నాడు మా బావ. ఆయనది కాకినాడ వైపు. బోరబండలో పెళ్లి వీడియోలు తీసేవాడు.

కెమెరా మైకుకు జనరేటరు మోత తప్ప ఇంకేమీ వినపడదని నా అనుమానం. అందుకని మైక్‌సెట్ మిక్సర్ నుంచి తీగ లాగి ఒక టేపు రికార్డరుకు తగిలించాను. ఇంకొకటి జనం మధ్యలో కుర్చీ మీద పెట్టాను. "ఏవోయ్, పాట రికార్డు చేస్తున్నావా, కోర్టుకి సాక్ష్యం తయారు చేస్తున్నావా?" అని బావ వెక్కిరించాడు. అక్క మాత్రం ఆ రోజు కళ్లు మూసుకుని పాడింది.

పెళ్లి వీడియోలకు ఒక ఆనవాయితీ ఉండేది. మిక్సింగ్ షాపులో అసలు సౌండంతా చెరిపేసి సినిమా పాటలు వేసేవాళ్లు. బావ అలవాటు ప్రకారం టేపు అక్కడ ఇచ్చి వచ్చాడు. టేపు తయారై వచ్చాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. తెర మీద పాస్టరుగారి చుట్టూ గ్రాఫిక్స్ గులాబీ పూలు తిరిగాయి. అక్క మైకు ముందు నోరు తెరిచింది. వచ్చింది మాత్రం ఒక సినిమా యుగళగీతం. ఎవరూ నవ్వలేదు. అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది.

బావా నేనూ షాపుకు పరుగెత్తాం. "ఒరిజినల్ సౌండ్ ఎవరు ఉంచుకుంటరు సార్? అంత గోల గోల. పాట ఏసినం గదా, మస్తుంది" అన్నాడు షాపతను. అసలు టేపు ఇవ్వండి బాబూ అని బావ బతిమాలితే, "దాని మీద ఇంకో పెళ్లి ఎక్కిపోయింది సార్" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చాయి నా రెండు క్యాసెట్లు.

ఇంటికెళ్లి వాటిని తెచ్చి షాపులోనే పెట్టి విన్నాం. ఒక దాంట్లో అక్క గొంతొక్కటే, ఖాళీ గదిలో పాడినట్టు. రెండో దాంట్లో డ్రమ్ములు, చప్పట్లు, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. రెండూ కలిపి వేస్తే చర్చి చర్చంతా మా ముందుకొచ్చింది. కానీ వీడియో, క్యాసెట్ ఒకే వేగంతో నడవవు. రెండో చరణానికల్లా అక్క పెదాలు మూసుకునేవి, పాట మాత్రం సాగేది. చివరికి, ప్రతి పాటకు ముందు డ్రమ్మరు రెండు పుల్లలు టక్ టక్‌మని కొట్టడం వీడియోలో కనిపించింది. ఆ చప్పుడు దగ్గర పాటపాటకూ కొత్తగా కలుపుకుంటూ పోయాం, మధ్యలో జారినచోట మళ్లీ ఆపి. ఆఖరి పాట కుదిరాక బావ స్టూలు మీద కూలబడ్డాడు. "అమ్మయ్య, బతికిపోయామండీ" అని తిట్టాల్సిన షాపతనికే చెప్పాడు.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు బొంగురుపోయినా అక్క గొంతు తిరిగొచ్చింది, కాస్త బరువెక్కి. మా ఇంటికి ఊపిరి తిరిగొచ్చినట్టయింది.

ఈ కథ చెబితే మేనకోడలు ఆ వీడియో చూపించమని పట్టుబట్టింది. క్యాసెట్లు ఇళ్లు మారినప్పుడే పోయాయి. బీరువా అడుగు నుంచి వీడియో టేపు తీస్తే నిండా తెల్లటి బూజు. నా ముఖం చూసి అక్క, "పోతే పోనీ రా, నేనున్న గదా" అని వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మధ్య పాట వినబడింది. గొంతు పోతే టేపైనా మిగులుతుందని ఆనాడు అంత కష్టపడ్డాం. కాలం టేపును తీసుకుని గొంతును మాకే వదిలేసింది.