తల మాత్రమే తెలుపు

ఏళ్ళ తరబడి ఒక మాట నా గొంతుకి అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మామూలుగా నేను బరువులు మోసే మనిషిని కాదు. అరకు స్టేషన్లో దిగినవాళ్ళని జీపెక్కించుకుని, వచ్చిన ఇంగ్లీషుతో నాలుగు కబుర్లు చెప్పి, నవ్వించి దింపేసేవాణ్ణి. అందుకే ఈ ఒక్క మాట నాకు మరీ బరువనిపిస్తుంది. ఇంట్లో చెప్పలేదు. మీరు నాకేమీ కారు గనక మీకు చెబుతున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి. నాకూ వస్తుంది. అదే నా తంటా.

ఎమిలీ గారు ఆస్ట్రేలియా నుంచి వచ్చారు. అరవై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. వాళ్ళది ఇంగ్లండులో తరతరాలుగా తోటపని చేసిన కుటుంబం. ముత్తాత కాలంలో అన్నదమ్ములిద్దరూ తలో ఓడా ఎక్కారు. తమ్ముడు ఆస్ట్రేలియా చేరాడు, ఈవిడ ఆయన వంశం. అన్న పేరు విలియం. మన కొండల్లో ఏదో బంగళాకి తోట వెయ్యడానికి వచ్చి, ఇక్కడి పిల్లనే పెళ్ళాడి, ఆ తర్వాత ఆచూకీ లేకుండా పోయాడు. ఆయన పిల్లల పిల్లలెవరైనా ఉంటే ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆవిడ ఆశ. తనకి ఇంకెవరూ మిగల్లేదని నా పక్క సీట్లో కూచుని చాలా మామూలుగా చెప్పారు.

నేనేమన్నాను? ఈ ఏజెన్సీలో నాకు తెలియని గడప లేదన్నాను. ఉత్త బడాయి.

ఆ బంగళా ఎక్కడుందో కూడా నాకు తెలీదు. తిప్పిన చోటే తిప్పి, చివరికి ముంచింగిపుట్టు సంతలో వంకాయలమ్ముతున్న ఒక ముసలాయన ముందు ఆగాను. ఆయనే బుద్రు తాత. గార్డెనర్ అన్నదానికి తెలుగులో తోటమాలి అనాలి కదా? నేను తోట వదిలేసి, ఇక్కడ మాలి వంశం వాళ్ళెవరైనా ఉన్నారా తాతా అని అడిగాను. మా కొండల్లో మాలీలని ఒక తెగ ఉంది. కూరలు, పూలు పండించడంలో వాళ్ళ తర్వాతే ఎవరైనా. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణాన తట్టలేదు. ఇంతవరకూ పొరపాటే, ఒప్పుకుంటాను.

"మాలీలా? మేమే కదా బాబూ! మా ఊరు ఊరంతా మాలీలమే," అన్నాడు తాత.

ఎమిలీ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వాళ్ళ ముత్తాత ఎక్కణ్ణుంచి వచ్చాడో అడగమన్నారు.

"సానా దూరం నుండొచ్చినాడంట. కొండలు దాటుకొని."

ఒడిశా వైపు నుంచి అని నాకు అర్థమైంది. అప్పటికి బుర్ర వెలిగింది. అయినా చాలా దూరం నుంచట అని మాత్రం చెప్పాను. కొండలు మధ్యలో ఎక్కడో జారిపోయాయి. చూడ్డానికి ఎలా ఉండేవాడో అడగమన్నారు.

"తలంతా తెల్లగ ముగ్గుబుట్ట నాగుండేదంట. మాయమ్మ సెప్పేది."

నేను ఆవిడ వైపు తిరిగి, చాలా తెల్లగా ఉండేవాడట అన్నాను.

చూశారా? తల ఒక్కటీ మింగేశాను. దానికి ఇంగ్లీషు రాక కాదు. మరెందుకు? ఆవిడ కళ్ళల్లో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి, ఆ నీళ్ళు చూసి జాలేసిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను, కానీ నిజం అడిగితే, అన్నీ తెలిసిన గైడునని కోసిన కోతలన్నీ సంత నడిమధ్యలో తేలిపోతాయన్న భయమే జాలి కంటే ఎక్కువ. నాలో ఎప్పుడూ అంతే. బడాయి ముందు పుడుతుంది.

ఆవిడ వంకాయల పక్కనే కూలబడి ఏడ్చేశారు. తాత కంగారుపడ్డాడు. ఈవిడ మీ చుట్టం తాతా అన్నాను. ఆయన ఆవిణ్ణి కిందికీ మీదికీ చూసి, "తెల్లగుంటే ఏటి? సుట్టం సుట్టమే. ఆకలేస్తందేమో, బేగి ఇంటికి తోలుకురా," అన్నాడు.

ఆ తర్వాత జరిగినవన్నీ సంతోషాలే. ఆవిడ రాగులతో కాచిన చోడంబలి తాగారు. అల్లం మళ్ళో బురదలో కూచుని కలుపు తీశారు. ఆ వేళ్ళ తీరు చూసి, మాలీ సెయ్యే అని తాత ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పటికీ ఏటా వస్తారు. విత్తనాల పొట్లాలు తెస్తారు. ఆ గుడిసె ముందు పూసే పూల పేర్లు మాలో ఎవరికీ తెలియవు. అరవై దాటిన మనిషిని తాత చిన్నపిల్లని పిలిచినట్టు 'మా ఆస్ట్రేలియా గుంట' అంటాడు, ఆవిడ పలుకుతారు. వాళ్ళ మధ్య కూచుని నేనూ కడుపారా భోంచేస్తాను. ఇంత బాగున్న దాన్ని తప్పని ఎలా అనను? ఈ ఒక్క ప్రశ్నతోనే ఏళ్ళు గడిపేసేవాణ్ణి.

కాంతమ్మ గారు నా జీపెక్కకపోతే.

ఆవిడ రిటైరైన నర్సు. గుమ్మలక్ష్మీపురం నుంచి చర్చి ఆడవాళ్ళతో కలిసి అరకు చూడ్డానికి వచ్చారు. పూలతోట దగ్గర మిగతావాళ్ళు ఫొటోలు దిగుతుంటే, కాళ్ళ నొప్పులని ముందు సీట్లోనే ఉండిపోయి నాతో మాటల్లో పడ్డారు.

"మాయమ్మమ్మ వోళ్ళ నాన్న కూడా ఇలాగే తోటలేసేవోడు బాబూ. ఇంగ్లండోడు. యిల్లెం దొర అనేవోరు. తమ్ముడు ఆస్ట్రేలియా ఓడెక్కీసినాడంట." నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ తమ్ముడి తాలూకు మనుసులు ఎవులైనా ఎప్పుడైనా ఎతుక్కుంటూ వచ్చినారేటి? నువ్వు అందర్నీ తిప్పుతావు కదా!" అన్నారు.

"లేదమ్మా, ఎవరూ రాలేదు," అన్నాను.

అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. ఆవిడ సరేలే అన్నట్టు తలూపి, బఠాణీలు నా చేతిలో పోశారు. తిన్నాను కూడా.

మొదటిదాన్ని అబద్ధం కాదని నాలో నేను వాదించుకోగలను, ఒక మాట తగ్గించి చెప్పానంతే అని. దీనికి ఏ వంకా దొరకలేదు. కాంతమ్మ గారికి పిల్లలున్నారు, మనవలున్నారు, ఆవిడకి పోయిందేముందని సర్ది చెప్పుకోబోయాను. పోయింది ఎమిలీ గారికి. సొంత రక్తం ఒకటి బతికుంది, నవ్వుతోంది, ఆవిడకి తెలియదు. దొరికేశారనుకుని వెతకడమే మానేశారు. ఆపించింది నేను. నిజం చెబితే బుద్రు తాతని ఆవిడ నుంచి లాగేసినట్టు. చెప్పకపోతే కాంతమ్మ గారిని ఎప్పటికీ ఇవ్వనట్టు. ఎటు చూసినా చెడ్డవాణ్ణి నేనే. తాత మాత్రం చుట్టరికం వదులుకోడని నా నమ్మకం. అదైనా నిజమో, నన్ను నేను బుజ్జగించుకోవడమో.

ఈ చలికాలం తాత మనవరాలి పెళ్ళి. ఎమిలీ గారు ఆడపిల్ల తరఫు పెద్దగా కూచుంటారట, ఫోన్లో చిన్నపిల్లలా కేరింతలు. తీసుకెళ్ళేది నేనే. దారిలో చెబుతానా? ఘాట్ మలుపులు చాలా ఉన్నాయి, ధైర్యం ఏదో ఒకదాని దగ్గర దిగిపోతుంది. నా సంగతి నాకు తెలుసు. అందుకే ముందు మీ దగ్గర, తల తియ్యకుండా, కొండలు దాటెయ్యకుండా రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు నన్నడిగిన మనిషికి జవాబు మాత్రం బాకీ ఉన్నాను.

వచ్చారు కాంతమ్మ గారూ. మీ కోసమే వచ్చారు.