కాక తాడులో అయిదో ముడి

ముందే ఒట్టు వేస్తున్నాను. మా అమ్మ మీద కాదు. ఆమె మీద చిన్నప్పటి నుంచి ఎన్నో దొంగ ఒట్లు వేశాను, ఆమెకు పడిశం కూడా పట్టలేదు. అందుకని ఈసారి తినే కంచం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. మాదన్నపేట కూరగాయల అంగట్లో నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారని తెలుసు. మూసీలో మొసలికి పాన్ తినిపించానని నేను చెప్పిన సంగతి వాళ్లింకా మరవలేదు. అది వేరు, ఇది వేరు. అన్నం మీద ఒట్టు.

అప్పటికి నాకు ఇరవై అయిదేళ్లు. మొఘల్‌పురాలో ఒక దేవిడీలో ఉర్దూ రాతపని దొరికింది. దేవిడీ అంటే నవాబుల భవంతి, పెద్ద మాటే గానీ, ముందు వాకిట్లో గచ్చు సగం లేచిపోయి ఉండేది. వానాకాలంలో దివాన్‌ఖానాలో నీళ్లు కారే చోటల్లా గిన్నెలు పెట్టేవాళ్లు. యజమానిని అందరం సర్కార్ అనేవాళ్లం. ఆయనకు ఏడాది మొత్తంలో ఉన్నది ఒకే పని. చలికాలం రాగానే పదిహేను రోజులు అడవికి షికారుకు, అదే వేటకు, పోవడం. సడకు ఉన్నంత దూరం మోటారు. సడకు చివర ఊళ్లో మోటారునూ డ్రైవరునూ వదిలి, సామాను ఎడ్లబండ్లకెత్తి, వాగుల్లో పడి, రాళ్లెక్కి పన్నెండు కోసులు లోపలికి. అక్కడ దుకాణం లేదు, ఇల్లు లేదు. ఉప్పు మరిచిపోతే చప్పిడి తినాలి. అగ్గిపెట్టెలు తడిస్తే పచ్చివి తినాలి. కాబట్టి ఆ ఇంట్లో జంతువును కొట్టడం కన్నా సామాను కట్టడం గొప్ప విద్య.

ఆ విద్య ఒక ముసలాయన చేతిలో ఉండేది. కిషన్‌బాగ్‌లో బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముకునే కుటుంబం ఆయనది. మీసాలు రాకముందే దేవిడీకి వచ్చాడు. వెనక వాకిట్లో డేరాల గది ఉండేది. సామాను కట్టే పని చేతికి వచ్చినప్పటి నుంచి, మడిచిన డేరాల మధ్యనే ఒక నులక మంచం వేసుకుని ముప్పై ఏళ్లుగా అక్కడే పడుకునేవాడు. నేను ఆయన్ని కాకా అనేవాణ్ని. ఆయన నన్ను పంతులూ అని ఎక్కిరించేవాడు.

కాకకు అక్షరం రాదు. ఆయన దగ్గర ఉన్నది ఒక తాడు. చిటికెన వేలంత లావు నూలుతాడు, చెమటకు నల్లబడి తోలులా అయింది. ఇంట్లో ఉన్నన్నాళ్లు డేరాల గది గోడకు రెండు మేకుల మధ్య అడ్డంగా కట్టి ఉండేది. ప్రయాణంలో ఆయన నడుముకు ఉండేది. ఒక్కో వస్తువుకు ఒక్కో ముడి. ముడులన్నీ ఒకే తీరు. ఎన్నోది ఏమిటన్నది ఆయనకే తెలుసు. పెట్టె నింపేటప్పుడు బొటనవేలు ముడి మీద ఉంటుంది. వస్తువు పెట్టెలో పడిన చప్పుడు విన్నాకే వేలు పక్క ముడికి జరుగుతుంది.

"కాకా, నీ తాడు ఎలుక కొరికితే అడవిల ఏం తింటం?" అన్నాను ఒకసారి.

"ఎలుకనే తింటం. నీ కాయితానికి చెదలు పడితే?"

"నకలు తీసి పెట్టిన."

"చెదలకు అసలేందో నకలేందో తెల్వది పంతులూ. రెండు సమంగనే తింటది."

మా మాటలు సర్కార్ చెవిన పడ్డాయి. హుక్కా గొట్టం నోట్లోంచి తీసి ఆయన చప్పట్లు కొట్టాడు. "కాగద్ జీతతా కి రస్సీ, దేఖింగే!" కాగితం గెలుస్తుందో తాడు గెలుస్తుందో చూద్దామట. అప్పటికప్పుడు పందెం కట్టేశాడు. డేరాలు, మేకులు, గొడ్డళ్లు, మోకులు, లాంతర్లు, గాసునూనె డబ్బాలు, తోలు తిత్తులు నా కాగితానికి. తిండి సామాను, మందులు కాక తాడుకు. ఎవరు ఒక్క వస్తువు మరిచినా వాళ్ల పని ఖతం. డేరాల గది తాళంచెవి రెండోవాడికి. ఓడినవాడు ఇంటికి.

దాని మీద ఆ ఇంట్లో పాత కాయిదా ఒకటి ఉండనే ఉంది. సర్కార్ తండ్రి పెట్టింది: మరిచినోడే నడవాలె. అడవిలో పెట్టె విప్పాక ఏది లేకపోయినా, దాన్ని కట్టినవాడు మోటారున్న ఊరిదాకా కాలినడకన పోయి తెప్పించాలి. ముప్పై ఏళ్లలో కాక ఒక్కసారి కూడా నడవలేదు.

నాకు నవ్వులాటగానే ఉంది. కాక మాత్రం ఆ రోజు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు.

"ఇంటికి పొమ్మంటే ఏడికి పోవాలె పంతులూ? నిరుడు జరమొచ్చి కొడుకింటికి పోయిన. గదే వారం బర్రెకు సుత జరమొచ్చింది. బర్రెకు గోనెపట్ట కప్పిండ్రు. నన్ను జర బర్రె దిక్కు జరిగి పండుకొమ్మన్నరు, ఎచ్చగ ఉంటదని."

నేను పడీ పడీ నవ్వాను. ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఆ గది మీద నాకు ఆశ లేదని అనను. మాదన్నపేటలో ఒకే అర్రలో ఏడుగురం పడుకునేవాళ్లం. నా కాళ్లు గడప బయట ఉండేవి. కానీ అసలు దురద అది కాదు. ముప్పై ఏళ్లు ఏదీ మరవని మనిషి మరిచిపోతే ఆ ముఖం ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది.

తాడు చదవడం నాకు నేర్పింది ఆయనే. అన్నీ కాదు, ఒకటి రెండు. "ఉప్పు అయిదోది. యాది పెట్టుకో, నా తర్వాత ఎవలకన్న అక్కరకొస్తది," అన్నాడు. పెట్టుకున్నాను. ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం, అగ్గిపెట్టెల డబ్బా మూతకు పొయ్యడానికి మైనం కొనుక్కొస్తానని ఆయన బజారుకు పోయాడు. నేను గోనెలు కుట్టే దబ్బనం తీసుకుని గోడ దగ్గరికి పోయాను. అయిదో ముడి లెక్కపెట్టి, దబ్బనం మొన దూర్చి, మెల్లగా వదులు చేసి విప్పేశాను. ముడి ఉన్న చోట తాడు తెల్లగా, మెలిక తిరిగి ఉంది. ఉమ్ముతో తడిపి లాగి, లాంతరు మసి రాశాను. అడవిలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే సర్కార్ మీసాలు ఎట్లా లేస్తాయో ఊహించుకుని ఆ సాయంత్రమంతా ఒక్కణ్నే నవ్వుకున్నాను.

మర్నాడు పొద్దున దేవిడీలో ఒకటే లొల్లి. నేను వాకిట్లో డేరాలతో కుస్తీ పట్టాను. లోపల కాక వేలు ముడి మీది నుంచి ముడి మీదికి పోతోంది. మైనం పోసిన అగ్గిపెట్టెలు, గుడ్డలో చుట్టిన పచ్చడి జాడీ, తడిగుడ్డలో తమలపాకులు, సర్కార్ ఆనుకునే బాలీసు, అత్తరు బుడ్డి. పులి ముందు అత్తరు ఎందుకని అడిగితే, "వాసన మంచిగుంటె జర నిమ్మళంగ తింటది," అన్నాడు కాక. చివర తాడు నడుముకు చుట్టుకుని, "ఏదీ మరువలే," అని దండం పెట్టి బండెక్కాడు.

రెండో రోజు డేరాలు లేచాయి. పొయ్యి రాజుకుంది. సర్కార్ ముందు కబాబులు పెట్టారు. నేను డేరా తాడు బిగిస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తున్నాను. ఆయన ఒక ముక్క తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. వేళ్లు నాకాడు. "నమక్ ఏక్‌దమ్ బరాబర్!" అన్నాడు.

ఉప్పు ఉంది. మరి నేను విప్పింది దేన్ని?

రెండు రోజులు ఇదే తిక్క. చింతపండు కనబడితే హమ్మయ్య, చింతపండు కాదు. చాయ్‌పత్తా కనబడితే అదీ కాదు. అన్నీ ఉన్నాయి. విప్పానో, విప్పినట్టు కల కన్నానో నాకే అనుమానం వచ్చింది.

నాలుగో రోజు పొద్దెక్కాక సర్కార్‌కు వణుకు మొదలైంది. ఆయనకు పాత చలిజ్వరం ఉంది, ఏటా ఒకసారి తిరగబెడుతుంది. నాలుగు కంబళ్లు కప్పినా మంచం కోళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "కునైన్ లావ్!" అన్నాడు. ఆ జ్వరానికి మందు అదే.

కాక నిమ్మళంగా నడుము తాడు విప్పి, మందుల పెట్టె తెరిచి వేలు నడిపాడు. వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి నడిపాడు. మళ్లీ అక్కడే ఆగింది. కునైన్ సీసా ఉండేది దేవిడీలో, సర్కార్ పడకగది అలమారలో, తాళం కింద. మందులు సర్దేటప్పుడు సర్కార్‌ను అడిగి దాన్ని తీసుకోవాలి. ముడి లేదు, కాబట్టి అడగలేదు. ఆయన యాది అంతా తాడులోనే ఉండేది, తలలో ఒక్కటీ ఉంచుకోలేదు.

ఆ ముఖం చూశాను. చూడాలనుకున్నదే కదా. చూశాను.

"సర్కార్, ఈడ ఒక ముడి ఉండె," అన్నాడు కాక. తాడును రెండు చేతులా పట్టుకుని చూపించాడు. "ఎవలో ఇప్పిండ్రు."

సర్కార్ పళ్లు కొట్టుకుంటున్నా నవ్వాడు. "ఎవరు? బందరా?"

నేనందుకున్నాను. "బందరే అయ్యుంటది సర్కార్. మొన్న ఒక కోతి గోడ మీద కూసొని ముడులు లెక్కపెడుతుంటె నేనే చూసిన. ఒకటి తక్కువైందని తల గోక్కుంది."

వంటవాడు నవ్వాడు. బండ్లవాళ్లు నవ్వారు. కంబళ్ల కింద సర్కార్ దగ్గుతూ నవ్వాడు. నవ్వు ఆగాక రెండు మాటలే అన్నాడు. "ఖాయిదా మాలూమ్?"

"మాలూమ్ సర్కార్," అన్నాడు కాక.

చిన్న తిత్తిలో నీళ్లు నింపుకున్నాడు. చెప్పుల తోలు వార్లు బిగించుకున్నాడు. పోతూ నా దగ్గర ఆగాడు.

"ఏ ముడి అనుకొని ఇప్పినవ్ పంతులూ?"

అబద్ధం చెప్పడం మరిచిపోయాను. జన్మలో అదొక్కసారే. "ఉప్పు," అన్నాను.

ఆయన తాడు నా ముందు చాపాడు. "నువ్వు ఎడమకెల్లి లెక్కపెట్టినవ్. నా తాడు కుడికెల్లి షురువైతది. నీ కన్న ముందు రాతపని చేసిన మున్షీ ఉర్దూల సామాను పట్టీ రాస్తుంటె పక్కన కూసొని కట్టిన. ఆయన కలం ఎటుకెల్లి వస్తే నా ముడి గటుకెల్లి వచ్చింది." నీళ్ల తిత్తి భుజానికి తగిలించుకున్నాడు. "ఉప్పే అయితే అందరం నవ్వుకుందుము గద."

పగలంతా ఉర్దూ రాసి పొట్ట పోసుకునే నేను దొంగతనం మాత్రం తెలుగులో చేశాను.

తాడు నా చేతిలో పెట్టాడు. "సామాను దించాల్నంటె నీకు అక్కరపడతది," అని చెప్పి బండ్ల జాడ పట్టుకుని నడిచాడు. అరవై దాటిన మనిషి. వాగు దిగేదాకా కనబడ్డాడు.

ఇక వినండి. దారిలో రెండో వాగు దగ్గర పెద్దపులి అడ్డంగా పడుకుని ఉందట. కాక పారిపోలేదు. తాడు లేని ఉత్త చేతులు చాచి, ముప్పై ఏళ్ల సామాను మొత్తం కుడి నుంచి ఎడమకు దానికి అప్పజెప్పాడట: బియ్యం, పప్పు, నెయ్యి, అగ్గిపెట్టెలు, ఉప్పు. బాలీసు దాకా వచ్చేసరికి పులి ఆవులించి, తోక ఝాడించి, లేచిపోయిందట. మూడో రోజు కాక ఎండలో మెరుస్తూ తిరిగొచ్చాడు. కునైన్ సీసా సర్కార్ చేతిలో పెట్టాడు. తరువాత నన్ను పిలిచి, తాడు అడిగి తీసుకుని, నా కళ్ల ముందే ఆ ముడి మళ్లీ వేశాడు. "ఇగ ఇది నీ ముడి బిడ్డా," అని నా నెత్తి మీద ఒక్కటిచ్చాడు. ఇద్దరం నవ్వుకున్నాం. సర్కార్ పందెం కొట్టేశాడు. కాక ఆ గదిలోనే, ఆ మంచం మీదనే, చివరిదాకా ఉన్నాడు.

ఇప్పుడు కంచం మీంచి చెయ్యి తీస్తున్నాను.

పులి లేదు. అది మీకు తెలిసే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నేను కల్పించింది కాక తిరిగి రావడం.

మూడో రోజు కునైన్ వచ్చిన మాట నిజం. మోటారు డ్రైవరు పట్నం పోయి తెచ్చి, బండి మాట్లాడుకుని వచ్చాడు. అప్పటికి సర్కార్ జ్వరం దానంతటదే దిగిపోయింది. సీసా మూత కూడా తియ్యలేదు. కాక పాదాలు బొబ్బలెక్కి కుండల్లా వాచాయని, మోటారులో తీసుకుపోయి కిషన్‌బాగ్‌లో కొడుకింటి ముందు దించానని డ్రైవరు చెప్పాడు. "అచ్ఛా," అని సర్కార్ పాన్ అడిగాడు. ఇంటికి రాగానే తాళంచెవి నాకిచ్చాడు. మంచం కొంచెం పొట్టి. అయినా నా కాళ్లు గడప లోపలే ఉన్నాయి.

రెండు నెలలకు కాక కొడుకు దేవిడీకి వచ్చాడు. చేతిలో మూత పెట్టిన చెంబు ఉంది.

"బాపు మంచం దిగుతలేడన్నా. దినమంత బొంత అంచు మీద ఏలు నడిపిస్తుండు. తాడు తెమ్మంటుండు. ఒక్కపారి ఇస్తవా?"

"ఏ తాడు?" అన్నాను.

"ముడులదట."

"అది అడవిలనే పోయింది తమ్మీ. కోతి ఎత్తుకపోయింది."

తాడు నా వెనకే ఉంది. పరుపు చుట్టి దానితోనే కట్టాను. అతను దాన్ని చూశాడో లేదో నాకు తెలియదు. "గట్లనే చెప్త తియ్," అని, చెంబు గడప మీద పెట్టాడు. "నీకు ఇయ్యమన్నడు బాపు. చిక్కటి పాలు, నీళ్లు కలపలే."

అతను గల్లీ మలుపు తిరిగేదాకా ఆగి తాగాను. నీళ్లు కలపలేదన్న మాట నిజమే.