ఆగని మోత

వీధిలో అందరూ ఆయనను గిన్నెలాయన అంటారు. ధ్యానం చేసుకునేవారి కోసం కంచు గిన్నెలు మోగించి, ఆ సంగీతాన్ని రికార్డు చేయడం ఆయన వృత్తి. "నేను మోగిస్తే గోల, మీరు మోగిస్తే ధ్యానమా!" అని వంటింట్లోంచి భార్య దెప్పుతూ ఉంటుంది. ఆయన నవ్వి కిటికీ మూస్తాడు; గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి పక్కగదిలో పెడతాడు. గిన్నె అంచును కొయ్యకర్రతో తాకి, మోత సన్నగిల్లేదాకా కళ్లు మూసుకుంటాడు. తరువాత మైకు పక్కనున్న కూతురివైపు చూస్తాడు. ఆమె తల ఊపితేనే రెండో గిన్నె జోలికి వెళతాడు. అది తన మీది గౌరవమని ఆమె అనుకునేది.

నిన్న రికార్డింగు మధ్యలో తల్లి సైగ చేస్తే ఆమె చప్పుడు కాకుండా లేచి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆయన కర్ర పైకెత్తి అలాగే కూర్చుని ఉన్నాడు. నుదుట చెమట పట్టింది.

"నాన్నా, అదెప్పుడో ఆగిపోయింది."

"నాకింకా వినిపిస్తోందమ్మా. ఈమధ్య చెవిలో ఏ మోతా ఆగడం లేదు, పడుకున్నా సరే. నువ్వు తలూపితే ఆగిందని తెలుసుకుంటున్నాను. అమ్మతో అనకు."

ఆమె రికార్డింగు వెనక్కి తిప్పి, "మరి నేను లేనప్పుడు పడిన ఆ ఖాళీ తీసేయనా?" అంది.

"ఉంచు. ధ్యానం చేసేవాళ్లు వినేది ఆ నిశ్శబ్దం కోసమేగా."

ఆయన హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించాడు. ఖాళీ వచ్చే చోట ఆమె ముఖంలోకి వంగి, "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.