ఒక్కసారి గుంజితే తియ్యమని

నవ్వకున్రి, జర ఇనున్రి. నేను చేతి పని మీద బతికేటోన్ని. గిది అబద్ధమైతే రేపటిసంది నా చేతికి పని దొరకొద్దు... అంతకన్న పెద్ద ఒట్టు నా దగ్గర లేదు.

మాది కొడకండ్ల. ఘనపూర్ల మోటర్ల వైండింగ్ దుకాణం పెట్టుకున్న. అక్కడి చెరువుల ఒకాయన బోటింగ్‌కు వచ్చేటోళ్లు కూసునేతందుకు చిన్న ఇనుప పడవ దింపి కట్టేసిండు. దాంట్ల బల్బు, ఫ్యాను, కూల్‌డ్రింకుల ఫ్రిజ్. కాపలా భీక్యన్న, పక్క తండాయన. కట్ట మీది స్తంభం నుంచి పడవకు కరెంట్ ఇచ్చింది నేనే.

ఎట్ల ఇయ్యాలె? మూడు తీగల కేబుల్ కావాలె. మూడోది ఎర్త్, పడవ ఇనుముకు కట్టాలె. గట్టున ట్రిప్ స్విచ్చు పెట్టాలె, జర లీకైనా అదే పడిపోయి కరెంట్ బంద్ చేస్తది. నాకు తెల్వదా? తెలుసు. ఓనర్ తొందర పెట్టిండు, నేను బాయిల కాడ చేసే పనే చేసిన. ఒక్క తీగ పడవకు తీస్కపోయి, రెండోదానికి బదులు నీళ్లల్ల ఇనుప రాడ్ దించిన. పొలాల కాడ అందరం అట్లనే వెలిగిస్తం. బల్బు సన్నగైతే రాడ్ ఇంకింత లోపలికి నూకుతం.

"నీళ్లల్లకు కరెంట్ రాదా అన్న?" అని భీక్యన్న అడిగిండు.

"భూమి గుంజుకుంటది, నీకేం కాదు" అన్న.

పక్క పొలాల మోటర్ల మోతకు అరిస్తే ఇనవడది. అందుకే మా ఇద్దరికి ఆ తీగే మాట. పడవ కాడి నుంచి రెండుసార్లు గుంజితే గట్టున నేను ఫ్యూజు పెట్టాలె. ఒక్కసారి గుంజితే తియ్యాలె.

ఆ సాయంత్రం బల్బు సన్నగైంది. భీక్యన్న నడుము లోతు నీళ్లల్ల దిగి రాడ్ నూకుతుండు. ఫ్యూజు తీసి నేను గట్టున. రెండుసార్లు గుంజిండు, ఫ్యూజు పెట్టిన. అప్పుడే ఓనర్ ఫోన్. మాట్లాడుతుంటే... కాలి కింద తీగ కదిలింది. ఒక్కసారి. ఈ ఒక్క ముక్క అయిపోనీ అనుకున్న.

ఫోన్ పెట్టి చూస్తే నీళ్లల్ల సప్పుడు లేదు, భీక్యన్న కనవడలే.

"గుండె ఆగింది" అన్నడు ఓనర్. అందరు తలూపిన్రు. నేను గూడ ఊపిన. సిగ్గులేని తల నాది.

పదకొండు దినాలైనంక ఆ కాపలా పనే ఆయన పెండ్లాం మంగ్లక్కకు ఇచ్చిన్రు. తెల్లారితే ఆమె పడవెక్కాలె. అప్పుడు పుట్టింది నాకు భయం. ఆ రాత్రి మూడు తీగల కేబుల్, ట్రిప్ స్విచ్చు పట్టుకొని ఒక్కన్నే పోయిన. ఆమె పాణం కోసమని నాకు నేను చెప్పుకున్న. కానీ నా తప్పు ఎవరికీ కనవడొద్దని గూడ.

గాలి లేదు. మోటర్లు బంద్. చెల్పూర్ కరెంట్ ప్లాంటు దిక్కు ఆకాశం ఎర్రగ ఉంది. అంత కరెంట్ అక్కడ పుడ్తది, ఇక్కడ ఒక మనిషికి మూడో తీగ దక్కలే. ఫ్యూజు పీకి అంగి జేబుల ఏసుకున్న. స్తంభం కాడ తీగ ఇప్పి, చేతికి చుట్టుకుంట ఉన్న...

తీగ ఆగింది.

బిగుసుకుంది.

కిర్ర్... అని కట్ట రాయికి రాసుకుంది. పడవ రెండు దిక్కుల తాళ్లతోని కట్టి ఉంది, కదలదు. పడవల ఎవరు లేరు. నా ఎడమ మణికట్టు కాడ... మెల్లగ... ఒక్కసారి గుంజింది.

"భీక్యన్న... తీసిన" అన్న. జేబులకెల్లి ఫ్యూజు తీసి చీకట్లకు చూపెట్టిన, బడిపిల్లగాడు పలక చూపెట్టినట్టు.

మల్ల గుంజింది. ఒక్కసారే.

ఎంతసేపు నిలవడ్డనో... తీగ సడలింది. చేప కావచ్చు. తాబేలు కావచ్చు. తెల్లారేదాక మూడో తీగ బిగించిన. ఫ్యూజు పెట్టి ట్రిప్ స్విచ్చు బటన్ ఒత్తి చూస్తే టక్కున పడ్డది.

పొద్దుగాల మంగ్లక్క వచ్చింది. పడవ ఇనుము మీద చెయ్యి పెట్టబోయి ఆగింది.

"ఏం కాదు గదా అన్న?"

"ఏం కాదక్క."

"మా ఆయనకు గూడ నువ్వు గిట్లనే చెప్పినవంట."

కోపంగ అనలే. మామూలుగనే అన్నది. నేను సంచి సదురుకొని వచ్చేసిన.

ఇప్పటిదాక ఆమెకు చెప్పలే. ఆ రాత్రి గుంజింది ఎవరో నాకు తెల్వదు... ఆ సాయంత్రం గుంజింది ఎవరో తెలుసు.