శాలువా తర్వాత, ముందు కుర్చీ

జిరాక్స్ షాపులో కార్డులకు ప్లాస్టిక్ తొడిగే మిషను వేడెక్కితే ఒక వాసన వస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు కూడా. నాకు మాత్రం పదేళ్ళు దాటినా ఆ వాసన తగిలితే చెవులు వేడెక్కుతాయి. మొన్న సోమవారం ధవళేశ్వరంలో అదే జరిగింది. మా ఆఫీసు నుంచి ఈ నెలాఖరుకు రిటైరవుతున్న సింహాచలం గారి కాగితాలు కాపీ తీయించడానికి వెళ్తే, నా ముందున్న పెద్దాయన హెల్త్ కార్డుకు ప్లాస్టిక్ వేయించుకుంటున్నాడు. నేనెవరినో ఆయనకు తెలియదు. అయినా ఊరుకోలేక, "బాబాయ్ గారూ, ఈ కార్డుకి ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారండీ?" అని అడిగేశాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. తప్పు ఆయనది కాదు. ఈ పాడు అలవాటు నాకు అంటించి వెళ్ళింది మా సూపరింటెండెంటు మాణిక్యాంబ గారు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆవిడకు యాభై దాటాయి. మాది కాలువల ఆఫీసు. కాగితాల మీద బతికే మాలాంటి గుమస్తాలు కాక, గట్ల వెంట తిరుగుతూ తూముల తలుపులు ఎత్తి దించే లస్కర్లు పద్నాలుగు మంది ఉండేవారు. ప్రభుత్వం ఉద్యోగులకూ పెన్షనర్లకూ హెల్త్ కార్డులిస్తోంది, వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి అన్నప్పుడు ఆ పని నా మీద పడింది. ఫోన్ నంబరు ఉండాల్సిన గడి దగ్గర లస్కర్లందరికీ ఆటంకమే. ఒకాయనకు ఫోనే లేదు, ఒకాయన నంబరు నెలకోసారి మారుతుంది, ఇంకొకాయన ఫోను అల్లుడి దగ్గర ఉంటుంది. నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పద్నాలుగు మందికీ నా నంబరే పెట్టేశాను. మెసేజ్ నాకొస్తే నేనే చెప్తాను కదా, పాపం వాళ్ళకెందుకు ఈ గొడవ అనుకున్నాను. పని ఒక్క పూటలో అయిపోయింది. అంత తొందరగా చేశావా అని అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా నన్ను బాగానే మెచ్చుకున్నాను.

తరవాతి ఏడు నాకు పెళ్ళయింది. మా ఆయన కంపెనీ వాళ్ళు ఇద్దరికీ కలిపి కొత్త సిమ్ములిచ్చారు. పాత నంబరు వదిలేశాను. పద్నాలుగు కుటుంబాలను కూడా దాంతోపాటే వదిలేస్తున్నానన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

ఒకరోజు పదిన్నరకు ఆఫీసు ఫోను మోగింది. సింహాచలం గారి భార్య నూకరత్నం రాజమండ్రిలో ఒక ఆసుపత్రి నుంచి మాట్లాడుతోంది. గట్టు మీద నడుస్తూ నడుస్తూ ఆయన గుండె పట్టుకుని కూలబడిపోయారట. "కార్డుందండి. కానీ ఏదో ఫోనుకి నంబరొస్తదంట, అది చెప్తేగానీ కార్డు పలకదంటన్నారండి. చివర డెబ్బై రెండున్న ఫోనంట. అదెవరిదో మాకు తెల్దండి." మాణిక్యాంబ గారు రిసీవరు పట్టుకునే గది మొత్తాన్ని చూస్తూ, "చివర డెబ్బై రెండు ఎవరిదర్రా?" అన్నారు. నాది. చెయ్యి ఎత్తాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆవిడ నా చెయ్యి వైపు ఒక్క క్షణం చూసి, "తర్వాత ఏడుద్దువుగాని. ఆఫీసరు గారి చేత నంబరు మార్పు లెటర్ మీద సంతకం పెట్టించు. నేను ఆటో పిలుస్తాను," అన్నారు.

ఆసుపత్రిలో నూకరత్నం డెస్కు ముందే నిలబడి ఉంది. చేతిలో కార్డు. దానికి మందంగా ప్లాస్టిక్, ప్లాస్టిక్ మీద పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. "మా ఆయన అట్ట వేయించి దేవుడి పటాల దగ్గరెట్టారండి. శుక్రవారం శుక్రవారం బొట్టెడతానండి," అంది. ఆ మాట విని నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఆమె దాన్ని అంత నమ్మింది. ఆ నమ్మకానికి తాళం వేసి, తాళంచెవి పారేసుకున్నదాన్ని నేను. మాణిక్యాంబ గారు డెస్కు దగ్గరి అమ్మాయితో గొంతు పెంచకుండా మాట్లాడారు. "కార్డు నిజం, మనిషి నిజం, తప్పు మా ఆఫీసుది. లెటర్ ఇదిగో. నంబరు మారేదాకా నేనిక్కడే కూర్చుంటానమ్మా. మీరు వైద్యం మాత్రం ఆపకండి." అన్నట్టుగానే కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేశారు. విసుక్కున్నవాళ్ళకు మళ్ళీ చేశారు. లోపల డాక్టరు గారు సింహాచలం గారిని చూస్తూనే ఉన్నారు గానీ, ఆపరేషనుకు మాత్రం కార్డు మీద అనుమతి రావాలి. రెండు గంటలు దాటాక నూకరత్నం చేతిలోని చిన్న ఫోను టింగుమంది. అందులో వచ్చిన ఆరంకెలూ ఆమె చేత ఒక్కొక్కటే చదివించింది డెస్కు అమ్మాయి. నూకరత్నానికి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. అది కూడా నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

సింహాచలం గారు బతికారు. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక నేను ఏడ్చాను. మాణిక్యాంబ గారు వద్దనలేదు. కాసేపటికి, "వాళ్ళకి రాదని నువ్వే అనుకున్నావు చూడు, అదమ్మా తప్పు. నంబరు సంగతి తర్వాతది," అన్నారు. "కార్డు ఆయన పేరు మీద ఉంటుంది. ఆయనేమో మంచం మీద ఉంటాడు. తిరగాల్సింది ఆవిడ. ఆవిడకి తెలియాలి."

ఆ శనివారం నుంచి ఇద్దరం గట్లు పట్టుకు తిరిగాం. మిగతా పదమూడు ఇళ్ళు. నంబర్లు మార్చి రావడం పెద్ద పని కాదు, కానీ ఆవిడకది చాలదు. ప్రతి ఇంట్లో మగవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, ఇల్లాలితో మాట్లాడేవారు. కార్డు ఎక్కడుంది, ఏదీ తీసి చూపించు. ఏ ఫోనుకు నంబరొస్తుంది. మన ఊరికి దగ్గర్లో ఈ కార్డు తీసుకునే ఆసుపత్రి ఏది, తీసుకోనిది ఏది. తీసుకోనిదాంట్లో అత్యవసరంగా చేర్చాల్సి వస్తే ఏయే కాగితాలు అడిగి తెచ్చుకోవాలి. చెప్పడం కాదు, వాళ్ళ చేత చెప్పించేవారు. తడబడితే నవ్వి, మంచినీళ్ళడిగి తాగి, మళ్ళీ మొదటినుంచి. మూడో ఇంటికే నాకు కాళ్ళు పీకేవి. "నంబరు పెట్టినప్పుడు నొప్పుట్టలేదుగా," అనేవారు.

ఆ తిరుగుడే ఆఫీసులో ఆచారమైంది. ఎవరు రిటైరైనా భార్యనో భర్తనో తీసుకురావాలి. బల్ల ముందు కుర్చీలో వాళ్ళను కూర్చోబెట్టి ఇవే ప్రశ్నలు. మొదట్లో చాలామందికి కోపం వచ్చింది. ఒక ఇంజనీరు గారు, "మా ఆవిడకి ఇవన్నీ ఎందుకండీ, నేనున్నాను కదా," అన్నారు. "మీరు లేని రోజు గురించే అడుగుతున్నానండీ," అన్నారు మాణిక్యాంబ గారు. ఆయన భార్య కుర్చీ ముందుకు లాక్కుని, "అడగండి," అంది. ఉద్యోగిగా ఉన్నప్పటి కార్డు రిటైరయ్యాక అలాగే నడుస్తుందనుకుంటారు అందరూ. నడవదు, పెన్షనరుగా మళ్ళీ పెట్టుకోవాలి. ఆయన పోతే ఫ్యామిలీ పెన్షనుతోపాటు కార్డూ ఆవిడ పేరుకు మారాలి. ఈ మాట ఒక ఇల్లాలి ముఖం మీద చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. మాణిక్యాంబ గారు చెప్పేవారు. బయట దండలూ ఫొటోలవాడూ సిద్ధంగా ఉన్నా కూడా, "శాలువా తర్వాత. ముందు కుర్చీ," అనేవారు.

ఆవిడ రిటైరైన రోజున తన భర్తను తీసుకొచ్చారు. ఆయన లెక్కల మాస్టారుగా చేశారు. నా ముందు కూర్చోబెట్టి, "అడుగమ్మాయ్, మొహమాటపడకు," అన్నారు. మాస్టారు రెండో ప్రశ్నకే తప్పారు. ఆవిడ ముఖం చూడాలి. "ఇన్నేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించారుగా, ఇప్పుడు మీరెక్కండి," అని, మూడుసార్లు చెప్పించాకే శాలువా కప్పనిచ్చారు.

నాలుగేళ్ళకు ఆవిడకు జబ్బు చేసింది. తగ్గే జబ్బు కాదు. నాకు తెలిసి వెళ్ళేసరికే ఆసుపత్రిలో చేరి వారమైంది. కార్డు సంగతి చూడాలేమోనని నేను కంగారుగా డెస్కు వైపు వెళ్ళబోతే మాస్టారు ఆపారు. "అన్నీ అయిపోయాయమ్మా. ఊరికే రా, కూర్చో." నెల తిరగకుండానే ఆవిడ పోయారు. పదకొండో రోజున మాస్టారు నాతో ఒక మాట అన్నారు. "నేను ఎక్కడికీ పరుగెత్తలేదమ్మా. ఏ కిటికీ దగ్గరా నిలబడలేదు. ఉన్నన్ని రోజులూ ఆవిడ పక్కనే కూర్చున్నాను." ఇన్నేళ్ళూ ఆ కుర్చీలో ఆవిడ అందరికీ నేర్పింది ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. కార్డు ప్రాణం పోయలేదు. పక్కన కూర్చునే తీరిక ఇచ్చింది.

ఇప్పుడు ఆ బల్ల వెనక నేనున్నాను. మొన్న జిరాక్సు కాపీలు తీసుకుని వచ్చేసరికి సింహాచలం గారు, నూకరత్నం వచ్చి ఉన్నారు. చెప్పకుండానే ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే, కార్డు బియ్యం డబ్బా మూత లోపల ఉందనీ, నంబరు తన ఫోనుకే వస్తుందనీ, పెన్షను కార్డుకు దరఖాస్తు పెట్టారో లేదో ముందు తనకు చెప్పాలనీ గడగడా అప్పజెప్పేసింది. సింహాచలం గారు మురిసిపోతున్నారు. నేను నవ్వుతూ కాగితాలు సర్దుతుంటే ఆమె లేవలేదు.

"మరి మిమ్మల్నెవరు అడిగారండి?"

"ఏంటి?"

"మీ కార్డు ఎక్కడుందో మీ ఆయనగారికి తెలుసాండి?"

సర్దుతున్న కాగితాలు బల్ల మీద పెట్టేశాను. నూకరత్నం నన్ను చూసిన చూపులో మాణిక్యాంబ గారు ఉన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు విడిచీ విడవకముందే, టీవీ ముందున్న మా ఆయన్ని పిలిచి, వంటింట్లోంచి కుర్చీ తెచ్చి నా ఎదురుగా వేశాను.